పెట్టిన ముద్ద దిగిందా?

వృద్ధాశ్రమాల్లో పళ్లెం నిండుతోంది. ఆ పళ్లెంలోంచి పెద్దవాళ్ల కడుపులోకి ఎంత చేరుతోందో మాత్రం ఎవరూ రాసుకోవడం లేదు. నల్లగొండ, పాలమూరు పల్లెల అవ్వలకు, తాతలకు ముద్ద ఎందుకు దిగడం లేదు? వంటగదిలో, తినిపించే చేతిలో ఏం మారితే అది దిగుతుంది? ఈ వారం ముఖచిత్ర కథనం.

అన్నం తింటూ పొలమారితే మన ఇళ్లలో రెండు పనులు క్షణాల్లో జరుగుతాయి. ఒకరు నెత్తి మీద తడతారు, ఇంకొకరు నీళ్ల గ్లాసు నోటికి పెడతారు. 'ఎవరో నిన్ను యాది చేస్తున్నరు' అని పక్కవాళ్లు నవ్వుతారు. ఇరవై ఏళ్ల పిల్లకు దీనివల్ల వచ్చే నష్టం లేదు. దగ్గు బలంగా వస్తుంది, దారి తప్పిన మెతుకు బయటపడుతుంది. ఎనభై ఏళ్ల అవ్వ విషయంలో అదే నీళ్ల గ్లాసు ప్రమాదం. ఆమె దగ్గులో బలం ఉండదు. మింగడానికి అన్నిటికన్నా కష్టమైనవి నీళ్లే, ఎందుకంటే నాలుక సర్దుకునేలోపే అవి గొంతులోకి జారిపోతాయి. మెతుకు వెంట నీళ్లు కూడా ఊపిరి దారిలోకి వెళతాయి. రెండు రోజుల తర్వాత జ్వరం, ఆయాసం. 'నిమ్ము చేరింది' అంటారు డాక్టరు. భోజనానికీ జ్వరానికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు.

వృద్ధాశ్రమంలో ఇది ఇంకో రూపంలో కనిపిస్తుంది. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, ఒక కూర వడ్డిస్తారు. నడవగలిగినవాళ్లు తిని లేస్తారు. మంచం దిగలేనివాళ్ల దగ్గరికి ఆయమ్మ పళ్లెం పట్టుకుని వెళుతుంది. ఆమెకు ఇంకా చాలామంది మిగిలి ఉంటారు. నాలుగు ముద్దలు వెళ్లాక అవ్వ నోరు తెరవదు. ఐదో ముద్ద బుగ్గలోనే ఉంటుంది. 'ఒల్లంటది' అనుకుని పళ్లెం తీసేస్తారు. ఆ రోజుకు ఆమె భోజనం అయిపోయినట్టే లెక్క.

వద్దన్న ప్రతిసారీ ఆకలి లేక కాదు. చాలాసార్లు మింగలేక. మింగలేనప్పుడు తినడమంటే భయం వేస్తుంది, భయం వేసినప్పుడు నోరు మూసుకుంటారు. మనం దాన్ని మొండితనం అంటాం, వయసు అంటాం, కొడుకు మీద బెంగ అంటాం. బెంగ ఉండొచ్చు. కానీ ముందు చూడాల్సింది గొంతు.

ఒక్క సెకను పని

ఒక్కో గుటకకు ముప్పైకి పైగా కండరాలు వరుస తప్పకుండా కదలాలి. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది. స్వరపేటిక పైకి లేస్తుంది. ఊపిరి ఆగుతుంది. శ్వాసనాళం మూసుకుని అన్నవాహిక తెరుచుకుంటుంది. ముద్ద గొంతు దాటే ఈ ఘట్టమంతా సుమారు ఒక సెకనులో ముగిసిపోవాలి. చెరువు తూము తలుపు కాస్త ఆలస్యంగా దిగినా నీళ్లు అక్కర్లేని కాలువలోకి పోయినట్టు, శ్వాసనాళం మూసుకోవడం అర క్షణం ఆలస్యమైనా తిండి ఊపిరితిత్తుల వైపు పోతుంది.

ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. మొదటిది పక్షవాతం. అది వచ్చిన తొలి రోజుల్లో సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువమందికి, మింగడం దెబ్బతింటుంది. పార్కిన్సన్స్ జబ్బులో నాలుక కదలిక మందగిస్తుంది. మతిమరుపు ముదిరితే నోట్లో ముద్ద ఉందన్న సంగతే మరిచిపోతారు. పళ్లు ఊడితే నమలడం పోతుంది. చాలా రోజులు తక్కువ తింటే ఒంట్లోని కండతో పాటు నాలుక కండ, గొంతు కండ కూడా కరుగుతాయి. ఇది విషవలయం. మింగలేక తినరు, తినక ఇంకా మింగలేరు.

మందులూ కారణమే. కొన్ని అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు నోటిని ఎండగొడతాయి. లాలాజలం లేని నోట్లో జొన్న రొట్టె ముక్క అంగిలికి అంటుకుపోతుంది. నిద్ర మందులు దగ్గును మొద్దుబారుస్తాయి. అల్ప్రాజోలం వంటివి కలిపిన కల్తీ కల్లు సమస్య పాత మహబూబ్‌నగర్ జిల్లాకు కొత్తది కాదు. ఆ మత్తుకు అలవాటు పడిన ముసలివాళ్లు ఆశ్రమానికి వస్తే, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. మత్తులో ఉన్న మనిషికి అన్నం పెట్టకూడదు.

అన్నిటికన్నా మోసం చేసేది దగ్గు రాకుండా జరిగే ప్రమాదం. గొంతులో స్పర్శ తగ్గినవాళ్లకు తిండి ఊపిరి దారిలోకి పోయినా దగ్గు రాదు. ఎదురుగా కూర్చుని తినిపిస్తున్న మనిషికి కూడా తెలియదు. అందుకే దగ్గు ఒక్కటే గుర్తు అనుకోకూడదు. తిన్నాక గొంతు తడితడిగా, గురగురలాడుతూ వినిపించినా, భోజనానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతున్నా, బుగ్గల్లో ముద్ద మిగులుతున్నా, మాటిమాటికీ జ్వరం వస్తున్నా, బట్టలు వదులవుతున్నా అనుమానించాలి.

ఈ నేల మీద బతికిన గొంతులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆశ్రమాలకు వచ్చే పెద్దవాళ్ల శరీరాల్లో ఈ నేల చరిత్ర ఉంది.

పాలమూరు కూలీలు లేని పెద్ద ప్రాజెక్టు దేశంలో అరుదు అని పేరు. ఆ కూలీలు ఇప్పుడు ముసలివాళ్లు. రాళ్లెత్తిన నడుములు వంగాయి. పిల్లలు ముంబయి, పుణె, హైదరాబాద్ పనుల్లో ఉన్నారు. ఇంటి దగ్గర ఉన్నంతకాలం పక్కింటివాళ్లు అంబలి పోసి పోయేవారు. మంచాన పడ్డాక ఆశ్రమమే దిక్కయింది. అంతకుముందే సగం తిండితో ఏళ్లు గడిచి ఉంటాయి. 2017-18లో జరిగిన దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం 'లాసీ' ప్రకారం అరవై దాటినవారిలో 27 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా తక్కువ ఉన్నారు. ఆశ్రమం గడప తొక్కేనాటికే చాలామంది ఆ లెక్కలో ఉంటారు.

నల్లగొండది ఇంకో బాధ. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలు దశాబ్దాల పాటు అంతకు మించిన బోరు నీళ్లే తాగాయి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి, కొత్త తరం ఎముకలు బతికాయి. ఇప్పుడు డెబ్బై ఏళ్లున్నవాళ్ల ఎముకలు మాత్రం అప్పటికే గట్టిపడిపోయాయి. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నెముక, మెడ బిగుసుకుంటాయి, కీళ్లు వంగవు.

మింగడం కష్టమైనవారికి చికిత్సకులు చాలాసార్లు ముందుగా నేర్పేది గడ్డం ఛాతీ వైపు వంచి మింగమని. అలా వంచితే కొందరిలో ఊపిరి దారికి రక్షణ పెరుగుతుంది. మెడ వంగని మనిషి ఆ పని చేయలేడు. అంటే పుస్తకంలోని తేలికైన ఉపాయం మర్రిగూడ తాతకు పనికిరాకపోవచ్చు. ఆయనకు నడుము వెనక దిండ్లు సర్ది, మొత్తం ఒళ్లే కాస్త ముందుకు వంగేలా కూర్చోబెట్టాలి. తిండి మెత్తదనం ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఈ రెండు జిల్లాల ఆశ్రమాలకు తయారయ్యే ఏ శిక్షణలోనైనా బిగుసుకున్న మెడకు ఒక పాఠం ఉండాలి.

ఇక్కడే మన అలవాటొకటి మార్చుకోవాలి. చెంబు పెదవికి తగలకుండా తల వెనక్కి వాల్చి నీళ్లు ఎత్తి పోసుకోవడం మనకు శుభ్రతకు గుర్తు. మింగడం బలహీనపడ్డ మనిషికి తల వెనక్కి వాలడమంటే ఊపిరి దారి తెరిచి నీళ్లు పోయడమే. ఆశ్రమంలో ప్రతి ఒక్కరికీ సొంత గ్లాసు ఉంటే ఎంగిలి సమస్య తీరుతుంది. తల నిటారుగా ఉంచి, చిన్న గుక్కలుగా, పెదవి ఆనించి తాగొచ్చు.

గట్క, జావ, పప్పు అన్నం

ప్రపంచంలో చాలా దేశాల ఆసుపత్రులు ఇప్పుడు ఒకే కొలబద్ద వాడుతున్నాయి. 2013లో మొదలైన ఒక అంతర్జాతీయ ప్రయత్నం తిండిని, పానీయాలను సున్నా నుంచి ఏడు వరకు ఎనిమిది స్థాయిలుగా విభజించింది. సున్నా అంటే మామూలు నీళ్లు. నాలుగు అంటే చెంచాలో నిలిచే మెత్తని ముద్ద. ఐదు అంటే సన్నగా తరిగిన తడి తిండి, అందులో పెద్దవాళ్లకు ముక్క వెడల్పు 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆరు అంటే మెత్తని చిన్న ముక్కలు, ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు. ఏడు అంటే మనం తినే మామూలు భోజనం.

దీనికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. పానీయం చిక్కదనం కొలవడానికి మందుల దుకాణంలో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. సూది తీసేసి, కింది కన్నం వేలితో మూసి, జావను 10 గీత దాకా నింపాలి. వేలు తీసి పది సెకన్లు కారనివ్వాలి. ఒక మిల్లీలీటరు కూడా మిగలకపోతే అది నీళ్లతో సమానం. 1 నుంచి 4 వరకు మిగిలితే కొంచెం చిక్కన. 4 నుంచి 8 మిగిలితే మధ్యస్థం. 8 దాటి మిగిలితే బాగా చిక్కన. అసలు కారకపోతే అది తాగేది కాదు, చెంచాతో తినేది. సిరంజిలో సున్నా నుంచి 10 వరకు గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. వేరే పొడవైతే లెక్క మారుతుంది.

ఈ కొలబద్దకు మన వంటను సరిచూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మెత్తని తిండి కోసం విదేశీ డబ్బాలు కొనాల్సిన పని లేదు. బాగా ఉడికించి, పెరుగుతో మెదిపిన జొన్న గట్క ఉంది. తైదల జావ ఉంది. పెసరపప్పు వేసి గుజ్జుగా వండిన అన్నం ఉంది. మాగిన అరటిపండు, ఉడికించి మెదిపిన గుమ్మడి, చిలగడదుంప ఉన్నాయి. చిక్కని గడ్డపెరుగు ఉంది. వీటికి కావల్సింది శ్రద్ధగా మెదపడం, గింజ, పొట్టు, తాలింపులోని ఆవాలు, కరివేపాకు ఏరేయడం.

కొన్ని వంటలు చూడడానికి మెత్తగానే ఉండి మోసం చేస్తాయి. పలచని పప్పుచారులో విడివిడి మెతుకులు అందులో మొదటివి. నోట్లో పెట్టగానే చారు ముందు జారుతుంది, మెతుకులు వెనక మిగులుతాయి. నాలుక ఒకేసారి రెండు పనులు చేయాలి. బలహీనమైన గొంతు ఓడిపోయేది ఇక్కడే. సాంబారులో ముంచిన ఇడ్లీ, పాలలో బిస్కెట్టు ముక్కలు, రసం కారే పుచ్చకాయ కూడా అంతే. పప్పుచారు పెట్టాలంటే అన్నంలో పోసి, ఒకే ముద్దగా కలిసిపోయేదాకా మెదిపి పెట్టాలి. పొడిపొడి ఉప్మా, అటుకులు, మరమరాలు, పల్లి పొడి చల్లిన అన్నం కూడా గొంతులో చెల్లాచెదురవుతాయి. చపాతీ, పూరీ, జొన్న రొట్టె నమల్లేని నోటికి పెట్టకూడదు. రొట్టెను సల్లలో నానబెడితే సరిపోతుందనుకుంటారు. పూర్తిగా నాని, మెదిపి, అదనపు సల్ల వంపేస్తేనే సరి.

జావ విషయంలో ఒక సంగతి వంటమనిషికి తప్పక తెలియాలి. పిండితో చిక్కబడిన జావ చల్లారితే ఇంకా చిక్కనవుతుంది. అదే జావలో ఎంగిలి చెంచా పదేపదే మునిగితే లాలాజలంలోని ఎంజైము పిండిని కరిగించి పలచబరుస్తుంది. మొదటి చెంచా సరైన చిక్కదనంలో ఉండి, చివరి చెంచా నీళ్లయిపోవచ్చు. కాబట్టి కొంచెం కొంచెంగా చిన్న గిన్నెలో వేసుకుని తినిపించాలి.

నీళ్లను చిక్కబరచడం అందరికీ మంచిది కాదు. చిక్కని నీళ్లు రుచించక పెద్దవాళ్లు తాగడమే తగ్గించేస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది. పాలమూరు ఎండల్లో అది ప్రాణాంతకం. ఎవరికి చిక్కబరచాలి, ఎంత చిక్కగా అన్నది మింగడాన్ని పరీక్షించిన స్పీచ్ థెరపిస్టు చెప్పాలి.

ముప్పై ఎనిమిది నిమిషాలు

2001లో అమెరికాలో సాండ్రా సిమన్స్ బృందం వృద్ధుల నర్సింగ్ హోముల్లో ఒక లెక్క తీసింది. తక్కువ తింటున్నవారి దగ్గర కూర్చుని సరిగ్గా తినిపిస్తే ఒక పూటకు సగటున 38 నిమిషాలు పట్టింది. మామూలు రోజుల్లో అక్కడి సిబ్బంది ఒక్కొక్కరికి ఇస్తున్నది 9 నిమిషాలు. డబ్బున్న దేశంలోనే అంత తేడా. మన దగ్గర ఒక ఆయమ్మకు పదిమంది ఉంటే ఒక్కొక్కరికి 38 నిమిషాల చొప్పున ఒక పూటకే ఆరు గంటలు దాటుతుంది. ఆమె కొసరి తినిపించలేదంటే తప్పు ఆమెది కాదు. ఆమెకు అప్పగించిన లెక్కది.

సాధ్యమయ్యేవి కొన్ని ఉన్నాయి. సొంతంగా తినగలిగినవాళ్లను, తినిపించాల్సినవాళ్లను రెండు విడతలుగా కూర్చోబెట్టవచ్చు. అప్పుడు అన్ని చేతులూ రెండో విడతకు దొరుకుతాయి. చేయి వణికేవాళ్లకు వెడల్పు పిడి చెంచా, అంచున్న పళ్లెం ఇస్తే కొంతమంది మళ్లీ సొంతంగా తింటారు. తన చేత్తో తాను తినే మనిషికి ముద్ద ఎప్పుడొస్తుందో ముందే తెలుసు. గొంతు సిద్ధంగా ఉంటుంది. 1998లో సుసాన్ లాంగ్‌మోర్ బృందం నిమ్ము ఎవరికి వస్తుందో వెతికితే, బలంగా తేలిన కారణాల్లో మొదటిది తినడానికి మరొకరి మీద ఆధారపడటమే. ఇంకొకరు పెట్టే ముద్దలో వేగం పెట్టేవాళ్లది, మింగాల్సింది తినేవాళ్లు.

తినిపించే చేతికి ఐదు నియమాలు చాలు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, మంచం మీదైనా వీపు వెనక దిండ్లతో. తాను నిలబడకుండా ఎదురుగా, కంటికి సమంగా కూర్చోవాలి. నిలబడి పెడితే తల పైకెత్తి తినాల్సి వస్తుంది. చిన్న చెంచాతో పెట్టి, గొంతు కదిలి మింగారని చూశాకే రెండోది పెట్టాలి. ఆ సమయంలో టీవీ ఆపాలి, ప్రశ్నలు అడగకూడదు. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

నోరు కడిగితే ఊపిరి దక్కుతుంది

ఊపిరితిత్తుల్లోకి పోయే మెతుకు కన్నా దాని వెంట పోయే సూక్ష్మజీవులు ఎక్కువ చేటు చేస్తాయి. అవి పుట్టేది కడగని నోట్లో. జపాన్‌లో యోనెయామా బృందం 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు గమనించి 2002లో ఫలితాలు వెలువరించింది. ప్రతి భోజనం తర్వాత నోరు శుభ్రం చేసినవారిలో 11 శాతం మందికి నిమ్ము వచ్చింది. చేయనివారిలో 19 శాతం మందికి. పళ్లున్నవారికీ లేనివారికీ మేలు జరిగింది. పళ్లు లేవు కదా అని నోరు కడగడం మానేస్తే పొరపాటన్న మాట.

కట్టుడు పళ్లు రాత్రి తీసేయాలి. 85 దాటిన జపాన్ వృద్ధుల మీద జరిగిన మరో అధ్యయనంలో, పెట్టుకునే నిద్రపోయేవారికి నిమ్ము ప్రమాదం రెండింతలకు పైగా కనిపించింది. మెత్తని బ్రష్షు, లేదంటే వేలికి చుట్టిన శుభ్రమైన తడి గుడ్డతో చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల తుడవడం ఖర్చు లేని పని. ఆశ్రమానికి ఇంత చవకగా దొరికే వైద్యం ఇంకొకటి లేదు.

బరువు చెప్పే నిజం

మెత్తగా చేయాలని కూడులో నీళ్లు పోయడం ఆశ్రమాల్లో సాధారణం. నీళ్లతో పలచబడేది తిండి ఒక్కటే కాదు, అందులోని బలం కూడా. గిన్నె నిండా జావ తాగినా ఒంటికి చేరేది కొంచెమే. మెదపడానికి నీళ్ల బదులు పాలు, పప్పు, పెరుగు వాడాలి. ఒక చెంచా నెయ్యి గానీ నూనె గానీ కలిపితే దాదాపు 45 కేలరీలు చేరతాయి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ చేలల్లో పండే పల్లీలను వేయించి, పొట్టు తీసి, వెన్నలా నూరి జావలో కలిపితే కేలరీలూ ప్రొటీనూ రెండూ పెరుగుతాయి.

పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము ప్రొటీను కావాలని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం చెబుతోంది. 45 కిలోల అవ్వకు 45 గ్రాములు. 100 గ్రాముల బియ్యంలో 8, రెండు గుడ్లలో 12, 50 గ్రాముల కందిపప్పులో 11, అర లీటరు పాలలో 16 గ్రాములు. కలిపితే 47. తెలంగాణలో రేషన్ సన్న బియ్యం పంపిణీ 2025 ఉగాది నాడు మన హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. అన్నానికి లోటు తీరుతుంది. పళ్లెంలో గుడ్డు, పప్పు, పాలు లేకపోతే కండ నిలవదు, కండ లేకపోతే మింగడమూ నిలవదు.

బరువు నెలనెలా చూడాలి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే అది హెచ్చరిక. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గారంటే ఆ వారమే డాక్టరుకు చూపించాలి. లేచి నిలబడలేనివారికి దర్జీ టేపుతో పిక్క చుట్టుకొలత తీసినా చాలు. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే కండ తగ్గిందని అనుమానించాలి.

దాతలకు ఒక విన్నపం

పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, అమ్మానాన్నల వర్ధంతికి ఆశ్రమంలో భోజనం పెట్టే మంచి సంప్రదాయం మన ఊళ్లలో ఉంది. ఆ రోజు బిర్యానీ, లడ్డూ, ఆపిల్ పళ్లు వస్తాయి. మింగలేనివారికి ఆ మూడూ ప్రమాదమే. జపాన్‌లో కొత్త సంవత్సరం నాడు జిగట బియ్యపు మోచి తిని ముసలివాళ్లు ఊపిరాడక చనిపోవడం ఏటా వార్త అవుతుంది. పండగ తిండి పెద్దవాళ్ల గొంతుకు అడ్డం పడటం ప్రపంచమంతటా ఉంది.

భోజనం పెట్టే ముందు రోజు ఆశ్రమానికి ఫోను చేసి, మెత్తని తిండి తినేవాళ్లు ఎంతమంది అని అడగండి. వాళ్లకు లడ్డూ బదులు పాలతో వండి మెదిపిన పాయసం, గడ్డపెరుగు, మాగిన అరటిపండు ఇవ్వండి. ఇంకా మంచి దానం మిక్సీ, బరువు తూచే యంత్రం, వీపు ఎత్తగలిగే మంచం, ఒక ఆయమ్మ జీతం. ఒక పూట భోజనం ఒక రోజు తీరుస్తుంది. ఒక ఆయమ్మ ఏడాదంతా ముద్ద దింపుతుంది.

ముక్కు గొట్టం ముందు అడగాల్సిన ప్రశ్న

పక్షవాతం వచ్చిన పెద్దాయనను ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంతో ఇంటికి పంపడం తరచూ చూస్తాం. తొలి వారాల్లో అది ప్రాణం నిలుపుతుంది. చాలామందిలో మింగే శక్తి రోజుల్లో, వారాల్లో కొంత తిరిగొస్తుంది. గొట్టం వేసిన రోజే, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేస్తారని తేదీ రాయించుకోవాలి. లేకపోతే తీయగలిగిన గొట్టం కూడా నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

మతిమరుపు పూర్తిగా ముదిరిన వారి సంగతి వేరు. వారికి గొట్టం వల్ల ఆయుష్షు పెరగదనీ, నిమ్ము ఆగదనీ, ఓపికగా చేత్తో తినిపించడమే మేలనీ అమెరికా వృద్ధుల వైద్య సంఘం 2014లో స్పష్టంగా చెప్పింది. తినగలిగినంత, ఇష్టమైనంత పెట్టడం కూడా వైద్యమే. కుటుంబం అంతా కూర్చుని, డాక్టరుతో మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయమిది.

ఊపిరాడకపోతే

మాట్లాడగలుగుతూ, దగ్గగలుగుతూ ఉంటే దగ్గనివ్వండి. నీళ్లు పోయకండి, నోట్లో వేలు పెట్టి కెలకకండి. మాట రాక, దగ్గు రాక, పెదవులు నీలమవుతుంటే ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. అడ్డుపడింది బయటికి రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. బయటపడేదాకా రెండూ మార్చి మార్చి చేస్తూ, మరొకరితో 108కి ఫోను చేయించండి. స్పృహ తప్పితే పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఉన్నవాటితోనే మొదలుపెట్టవచ్చు

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటిచ్చే ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు. వాటిలో సేవల ప్రమాణాలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. ఆ ప్రమాణాల్లో మింగడం పరీక్ష, నెలవారీ బరువు, మెత్తని తిండి స్థాయిలు, తినిపించే సిబ్బంది సంఖ్య చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

పరీక్ష చేసేవాళ్లు జిల్లాల్లో లేరనే సాకు కూడా పూర్తిగా నిలవదు. పిల్లల కోసం ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల నమూనాలోనే స్పీచ్ థెరపిస్టు కొలువు ఉంది. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వృద్ధుల వార్డు, ఫిజియోథెరపిస్టు ఉండాలంటుంది. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వారానికి ఒక రోజు ఒక స్పీచ్ థెరపిస్టు, ఒక నర్సు ఆశ్రమాలకు వెళ్లే ఏర్పాటు చేస్తే చాలు.

2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన కంటి పరీక్షల కార్యక్రమం 'కంటి వెలుగు' మొదటి విడతలోనే కోటిన్నరకు పైగా మందికి ఊళ్లలోనే కళ్లు చూసింది. పల్లెకు వైద్యం నడిచివెళ్లగలదని అది రుజువు చేసింది. గొంతుకూ అలాంటి ఒక రోజు కావాలి. దగ్గు, తడి గొంతు, జ్వరం, బరువు తగ్గడం గురించి నాలుగు ప్రశ్నలు, నర్సు కళ్లెదుట కొద్ది నీళ్లు తాగించి చూసే పరీక్ష, పిక్కకు టేపు. ఇవి ఆశా కార్యకర్తకు, ఆశ్రమం ఆయమ్మకు నేర్పగలిగినవే. 2011 లెక్కల ప్రకారం పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అందుకే మంచం తలాపున అతికించే సూచనలు బొమ్మల్లో ఉండాలి: చెంచా పరిమాణం, కూర్చోబెట్టే తీరు, తిండి మెత్తదనాన్ని చెప్పే రంగు గుర్తు.

ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు ఇబ్బంది ఉంటే వయోవృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోను చేయవచ్చు. ఆశ్రమంలో అమ్మనో, నాన్ననో చూడటానికి వెళ్లే పిల్లలు ఈసారి 'తిన్నవా అమ్మా?' అని అడిగి ఊరుకోవద్దు. ఒక భోజనం వేళ దాకా ఉండి పక్కన కూర్చోండి. ముద్ద బుగ్గలో మిగులుతోందా, తిన్నాక గొంతు తడిగా పలుకుతోందా చూడండి. ఆశ్రమాన్ని బరువు పుస్తకం చూపించమని అడగండి.

ఆశ్రమాల నిర్వాహకులకు ఒకటే మాట. భోజనాల రిజిస్టరులో ఇంకో మూడు గడులు గీయండి: ఎంత తిన్నారు, ఎంతసేపు పట్టింది, ఈ నెల బరువు ఎంత. ఆశ్రమాన్ని తనిఖీ చేసే అధికారి మంచాలతో పాటు ఆ గడులనూ, తినిపించే చేతులనూ లెక్కపెట్టాలి. అవి చాలకపోతే అనుమతి పొడిగించకూడదు. రాళ్లు మోసి ఈ దేశపు ప్రాజెక్టులు కట్టిన మనుషులకు రోజూ మూడు పూటలా ముద్ద దింపడం దయ కాదు, వాళ్లకు మనం తీర్చాల్సిన బాకీ.